చెల్లె జవాబు

ఆ ఎండాకాలం మా మామను నేనే పెద్దమనిషిని చేశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ బతిమాలలేదు. నా పది వేళ్లతో నేనే టైపు చేసి మరీ చేశాను. అందుకే ఇప్పుడు ఎవరిని తిడదామన్నా ముందు నన్ను నేను నాలుగు తిట్టుకుని, ఆ తర్వాతే వాళ్ల జోలికి పోవాలి.

శంషాబాద్ బస్టాండ్ దగ్గరి మీసేవలో నా ఉద్యోగం. పొద్దున తొమ్మిది నుంచి నా నోట్లో నానేది ఒకటే మాట: "ప్రూఫ్ ఏది?" పుట్టినందుకు ప్రూఫ్, పెళ్లయినందుకు ప్రూఫ్, ఎదురుగా నిలబడి చెమటలు కక్కుతున్న మనిషి బతికే ఉన్నాడనడానికి కూడా ప్రూఫ్. సర్వర్ డౌన్ అయిన మధ్యాహ్నాల్లో జనం బయట చెట్టు నీడకు పోతే, నేను ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం తెరిచి వ్యాసాలు రాసుకునేదాన్ని. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. కాకపోతే రాసిన ప్రతి ముక్కకూ ఎక్కడో అచ్చయిన ఆధారం చూపించాలి. అక్కడా అదే, ప్రూఫ్ ఏది. నాకు బాగా అలవాటైన పని. రావిర్యాల, కందుకూరు, ఇట్లా మా చుట్టుపక్కల ఊళ్ల పేజీలు చాలా మటుకు నేను బాగుచేసినవే.

మా మామ పేజీ కూడా నేనే మొదలుపెట్టాను. గోపయ్య మామ మా అమ్మ శివమ్మకు స్వయానా అన్న. మంఖాల్‌లో ఉంటాడు. హార్మోనియం ముందు కూర్చున్నాడంటే పక్కన ఇల్లు కాలుతున్నా లేవడు. ఇరవై ఏళ్ల కింద వాళ్ల క్యాసెట్ ఒకటి వచ్చింది, 'తొవ్వ పాట' అని. మహేశ్వరం నుంచి షాద్‌నగర్ దాకా ఆ పాట మోగని పెళ్లి పందిరి లేదు, ఆటో లేదు. అందులో అన్న అడుగుతాడు, చెల్లె జవాబు చెప్తుంది.

"పుట్టింటి తొవ్వ మరిచినవా చెల్లె
పున్నాలు మూడాయె రావైతివేమే"

అన్న అడిగేది అంతే. మళ్లీ మళ్లీ అదే అడుగుతాడు. జవాబులే పాటంతా. ఆ జవాబులు మా అమ్మవి. కట్టింది అమ్మ, పాడింది అమ్మ. మంఖాల్ నుంచి మా ఊరికి పొలాల మీదుగా గంట నడిస్తే చేరిపోయే తొవ్వ ఉండేదట. ఎయిర్‌పోర్టు గోడ లేచాక చుట్టూ తిరిగి రెండు బస్సులు మారాల్సి వచ్చింది. ఆ ఉక్రోషమంతా పాటలో పెట్టింది. క్యాసెట్ అట్ట మీద మాత్రం 'మంఖాల్ గోపయ్య బృందం' అని ఒక్క ముక్కే ఉంది. ఆడమనిషి పేరు అంగడిలో ఎందుకని అప్పట్లో మా నాన్నే వద్దన్నాడు. నాన్న పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది.

ఏప్రిల్ మొదటి వారంలో మామ పేజీ నెత్తిన ఒక పట్టీ పడింది. ఆధారాలు లేవు, నెలలోపు చేర్చకపోతే ఈ వ్యాసాన్ని తొలగిస్తాం అని. పెట్టింది నవీన్‌కుమార్ అనే ఆయన. సిటీలో ఉంటాడు, పాత చేయి, వేల వ్యాసాలు చూసుకుంటాడు. నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే పని చేసేదాన్ని. చర్చా పేజీలో నిజాయితీగా రాశాను: గోపయ్యగారు నాకు మేనమామ, ఆధారాలు వెతుకుతున్నాను, దయచేసి గడువివ్వండి.

ఆ సంగతి అమ్మకు చెప్తే ఎప్పటిలాగే ఫోన్ నా చేతిలో పెట్టింది.

"సదువు."

ఐదు వాక్యాలు చదివాను.

"అయిపాయెనా?"

"అయిపాయె."

"మరి నేనేడున్న?"

"అమ్మా, నీ పేరు యాడన్న అచ్చుల పడాలె. అప్పుడే రాయొస్తది. కాగితం కావాలె."

"కాగితమేందే? క్యాసెట్ల నా గొంతు ఉన్నది గదా. గొంతుకు గూడ ఆధార్ కార్డు కావాల్నా ఏంది?"

మా ఆయన శేఖర్ అన్నం తింటున్నవాడు పొలమారేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ తనకంటూ ఏదైనా అడగడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"ఎక్కిస్తనమ్మా. ఒట్టు. ఈ ఎండాకాలం దాటకముందే ఎక్కిస్త."

"ఎక్కినంక సదివి వినిపియ్యి. నా పేరు వచ్చినకాడ జర ఆగు."

ఆ ఆదివారమే ఇద్దరం మంఖాల్ పోయాం. మామ అరుగు మీదే ఎదురొచ్చాడు, "మా చెల్లె వచ్చిందే" అని ఊరంతా వినబడేలా. కౌసల్యత్త మజ్జిగ తెచ్చింది. వాళ్ల కొడుకు అరుణ్‌కుమార్ నాకంటే నాలుగేళ్లు చిన్న, తుక్కుగూడలో మొబైల్ షాపులో పని, సొంతంగా యూట్యూబ్ ఛానల్ ఒకటి నడుపుతాడు. నేను వాడికి వరసకు వదినను. సంగతంతా అందరికీ విడమరిచి చెప్పాను.

"నాకు తెలిసిన రిపోర్టర్ ఉన్నడు మామా. ఆయన వచ్చి నీతోని మాట్లాడి పేపర్ల ఏస్తడు. నువ్వు ఏం చెప్తే అది అచ్చయితది. అచ్చయిందే పేజీల ఎక్కుతది. అందుకే అమ్మ పేరు నీ నోటితోనే చెప్పాలె. జవాబులు కట్టింది గూడ అమ్మనే అని చెప్పాలె."

మామ హార్మోనియం ముందుకు లాక్కుని దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"ఈ పెట్టె మీద ఒట్టు బిడ్డా. నా చెల్లె లేకుంటే నాకు పాటనే లేదు. గదే చెప్త."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంకేముంది, ఇద్దరూ పాట అందుకున్నారు. అమ్మకు అరవై దాటినా ఆ గొంతులో చిన్న జీర తప్ప ఏమీ మారలేదు.

"తొవ్వ మరువలేదు అన్నయ్య
తొవ్వకే గోడ కట్టిరి అన్నయ్య
రెక్కలోళ్లకు దారినిచ్చిరి అన్నయ్య
కాళ్లున్న దానికి లేదనిరి అన్నయ్య"

నడుమ కౌసల్యత్త చాయ్ తెచ్చి, చల్లారిపోతుంది తాగండని అంటే అమ్మ చేత్తోనే ఆగమని సైగ చేసింది. పాట మొత్తం అయ్యాకే గ్లాసు అందుకుంది. "సగం పాట నోట్ల పెట్టుకొని లెవ్వద్దు వదినే. మా అవ్వ ఒప్పుకోకపోయేది" అంది.

"నాకేం ఎరుకమ్మా మీ పాటల సంగతి" అని అత్త నవ్వింది. "నేను లాలి పాడితే గీ అరుణ్‌గాడు పండుకునేటోడు లేశి ఏడ్చెటోడు."

వచ్చేముందు అమ్మ సంచిలోంచి రవికె గుడ్డలో చుట్టిన క్యాసెట్ తీసింది. మిగిలింది అదొక్కటే. రెండో వైపు మొదట్లో పాటకు ముందు మామ గొంతే ఉంటుంది, "పాడుతున్నది గోపయ్య, నా చెల్లె శివమ్మ" అని. క్యాసెట్ కూడా జనంలోకి వచ్చిన వస్తువే, దాన్నీ ఆధారంగా చూపొచ్చు. కాకపోతే అడిగినవాళ్లు వినడానికి ఎక్కడో ఒకచోట దొరకాలి. అరుణ్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తన ఛానల్‌లో పెడతానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పైలం బిడ్డా" అంది అమ్మ వాడి చేతిలో పెడుతూ.

"నువ్వు పరేషాన్ కాకత్తమ్మా. నేనున్న గదా" అన్నాడు.

ఏప్రిల్ నెలంతా నేను ఒళ్లు దాచుకోకుండా పనిచేశాను. సెలవు పెట్టి సిటీ లైబ్రరీకి పోయి, పాత వారపత్రికల కట్టలు దులిపి, తుమ్ములతో కళ్లు వాచిపోయి, మామ మీద రెండు చిన్న వార్తలు దొరకబుచ్చుకున్నాను. ఐదు వాక్యాల పేజీ నలభై వాక్యాలైంది. బాల్యం, గురువు, హార్మోనియం నేర్చుకున్న తీరు, క్యాసెట్లు, ఆయన పాడిన ఊళ్లు. నల్ల కళ్లద్దాలతో మంచి ఫోటో కూడా పెట్టాను. 'తొవ్వ పాట' అని విడిగా ఒక విభాగం తెరిచి, అందులో రెండు లైన్లు రాసి, మిగతా చోటు అమ్మ కోసం ఖాళీగా ఉంచాను. నవీన్‌కుమార్ పట్టీ తీసేసి, చాలా చక్కగా మెరుగుపరిచారని మెచ్చుకున్నాడు కూడా.

మే మొదటి వారంలో మామ ఫోన్ చేశాడు. గొంతులో పొంగు.

"బిడ్డా, నీ పేజీ చూసి ఒక సంఘపోళ్లు వచ్చిన్రే ఇంటికి. శంషాబాద్‌ల సన్మానం చేస్తరంట. కళా దంపతులని, జంటగ పాడేటోళ్లకు."

"మంచిదాయె మామా" అన్నాను. దంపతులు అన్న మాట నా చెవిన పడింది, కానీ బుర్రకు ఎక్కలేదు. నా సంతోషంలో నేనున్నాను. రిపోర్టర్ వచ్చే రోజు తోడుగా పోదామనుకున్నాను గానీ, కాలేజీ అడ్మిషన్లు మొదలై ఆదాయ సర్టిఫికెట్ల కోసం జనం మీసేవ తలుపు విరగ్గొట్టేలా ఉన్నారు. ఒట్టేసిన మనిషి, సొంత అన్న, నేనెందుకులే అనుకున్నాను.

ఆదివారం పేపర్లో పడింది. శేఖర్ పొద్దున్నే రెండు కాపీలు తెచ్చాడు. అరపేజీ వార్త. మధ్యలో పెద్ద ఫోటో, మామ హార్మోనియంతో, పక్కన పట్టుచీరలో కౌసల్యత్త. అత్త చేతిలో చిడతలు. ఆ చిడతలు అత్త చేతిలో నేను ఏనాడూ చూడలేదు.

నేను నిలబడే చదివేశాను. 'తొవ్వ పాటలో ఆయనతో గొంతు కలిపింది ఆయన సతీమణి కౌసల్యమ్మ. ఆ జవాబులన్నీ ఆమె అల్లినవేనని గోపయ్య గర్వంగా చెప్పారు. నలభై ఏళ్లుగా పాటే వారి దాంపత్యం.' మొదటిసారి అచ్చుతప్పేమో అనుకున్నాను. రెండోసారి చదివితే కాదని తేలింది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి కళ్లద్దాలు పెట్టుకుంది. "వదినె ఫోటో గూడ ఏసిన్రా. మంచిగున్నది" అంది. తర్వాత పేపర్ కింద పరుచుకుని దాని మీదికి వంగింది.

అమ్మకు చదువు రాదు. బ్యాంకు పుస్తకం కోసం సంతకం పెట్టడం మాత్రం నేర్పాను. మూడే అక్షరాలు. ఆ మూడింటినీ ఎక్కడున్నా గుర్తుపడుతుంది, రేషన్ కార్డు మీద, కరెంటు బిల్లు మీద. ఇప్పుడు చూపుడువేలు మొదటి వరస మీద పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది. ఒక వరస అయింది. రెండో వరస. కింద దాకా పోయి మళ్లీ పైకొచ్చి రెండో కాలమ్ పట్టుకుంది. వేలికి పిండి అంటుకుని ఉంది, అది పేపర్ మీద గీతలా పడుతోంది. నాలుగు కాలమ్‌లూ అయ్యాయి.

"యాడున్నదే?"

"లేదమ్మా."

"మరి నా జవాబులు?"

దాచి ఏం లాభం, చదివి వినిపించాను. అమ్మ విని, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

"మొగన్ని పట్టుకొని అన్నా అని పాడిందంటనా వదిన?" అంది. "రాసినోనికన్న సోయి ఉండాలె గదనే."

నవ్వబోయింది, కానీ నవ్వు రాలేదు. లేచిపోయి మిగిలిన రొట్టెలు చేసింది. ఆ రోజు నాకు ఏడుపు కాదు, ఒళ్లంతా మంట.

సోమవారం మధ్యాహ్నం సర్వర్ డౌన్ అయింది. పేజీ తెరిచాను. నేను అమ్మ కోసం ఖాళీగా ఉంచిన చోట ఎవరో అప్పటికే రాసేశారు: 'ఈ పాటలో చెల్లెలి జవాబులు రచించి పాడినది గోపయ్య భార్య కౌసల్యమ్మ.' చివర్న ఆదివారం పేపర్ ఆధారం. పేపర్ పేరు, తేదీ, పేజీ అంకె, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. నేను తీసేశాను. పావుగంటలో నవీన్‌కుమార్ తిరిగి పెట్టాడు. మళ్లీ తీశాను. అప్పుడు ఆయనే ఫోన్ చేశాడు.

"స్వర్ణలతగారూ, ఆధారం ఉన్న వాక్యాన్ని మీరు తొలగిస్తున్నారండి."

"అది అబద్ధమండీ. ఆ పాట పాడింది మా అమ్మ."

"అయ్యుండొచ్చండి. నేను కాదనడం లేదు. అచ్చులో ఎక్కడైనా ఉందా?"

"అన్నాచెల్లెండ్ల పాట అండీ అది. ఏ భార్యయినా మొగుణ్ణి అన్నయ్యా అని పాడుతుందా? మా ఊళ్లో చిన్నపిల్లల్నడిగినా చెప్తారు."

"అది మీ తర్కం. ఆధారం కాదు కదండీ. పైగా మీరు బంధువునని మీరే రాశారు. నియమం మీకు తెలియంది కాదు." ఆయన గొంతులో జాలి ఉంది, అదే నాకు ఇంకా కష్టమనిపించింది. "ఒక్క కాగితం తెండి, నేనే మారుస్తాను."

నేను రోజూ కిటికీ ఇవతల కూర్చుని చెప్పే మాటలే అవి. ఆ స్వరం కూడా నాదే.

క్యాసెట్ ఉంది కదా అని అప్పుడు గుర్తొచ్చింది. అరుణ్ ఛానల్ తెరిచాను. 'తొవ్వ పాట, రెండో వైపు' అని ఉంది. నొక్కాను. హార్మోనియం మొదలైంది, నేరుగా పాటే. ముందు ఉండాల్సిన మామ మాటలు లేవు. వెనక్కి జరిపాను, మళ్లీ జరిపాను. లేవు. కింద 'గానం: గోపయ్య, కౌసల్యమ్మ దంపతులు' అని రాసి ఉంది.

మర్నాడు సెలవు పెట్టి మంఖాల్ పోయాను. అమ్మకు చెప్పలేదు. అరుణ్ నన్ను చూసి నవ్వి, అడక్కముందే లోపలికి పోయి క్యాసెట్ తెచ్చిచ్చాడు. వెలుతురుకు పట్టుకుని చూశాను. రీలు మొదట్లో చిటికెనవేలి గోరంత పారదర్శకమైన టేపు ముక్క అతికించి ఉంది.

"ఇదేంది అరుణ్?"

"మొదలు జర ఖరాబైంది వదినా. నలిగింది. కట్ చేసి అతికిచ్చిన. పాట మంచిగనే ఉన్నది."

నలిగిందట. ఇరవై ఏళ్లు రవికె గుడ్డలో నలగనిది వాడి చేతిలో నెలకే నలిగిందట, అదీ సరిగ్గా అమ్మ పేరున్న చోట. క్యాసెట్ సంచిలో వేసుకున్నాను. మామ దగ్గరికి పోయాను. మామ మంచం మీద కూర్చుని హార్మోనియం మెట్లు తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"పేపరోళ్లు గట్ల రాసిన్రు బిడ్డా. నేనట్ల చెప్పలె."

"పెట్టె మీద చెయ్యి పెట్టి చెప్పు మామా."

గుడ్డ ఆగింది. చెయ్యి మాత్రం పెట్టలేదు. వంటింటి తలుపు దగ్గర కౌసల్యత్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది, తల దించుకుని. మామ అటోసారి చూశాడు.

"జంటకే ఇస్తరంట సన్మానం. అరుణ్‌గాడు కాగితాలు నింపిండు. మీ అత్త నలబై ఏండ్లు నా యెంట ఉన్నది, దాన్ని ఒక్కనాడు ఎవలన్న పిలిచి కుర్చీ ఏసిన్రా? అయినా శివమ్మ నా చెల్లె. నా చెల్లె ఏమనుకోదు."

"అనుకోదని నువ్వెట్ల అనుకున్నవ్ మామా?"

"నాకెరుక లేదా? చిన్నప్పటి నుంచి అదట్లనే. ఏది అడిగితే అది ఇచ్చేస్తది."

"అడిగినవా?"

మామ మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద ఎండలో నిలబడ్డాను. నా మామ, నన్ను భుజాల మీద మోసిన మామ. దొంగ ఎవరో బయటివాడైతే పోలీస్ స్టేషన్‌కు పోతాం. సొంత ఇంట్లో పోయినదానికి ఎక్కడికి పోవాలి? పైగా సందుగ పెట్టె తాళం చెవి నేనే తీసుకుపోయి వాళ్ల చేతిలో పెట్టాను.

జూన్ రెండో వారంలో సన్మానం, శంషాబాద్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో. పోవద్దని అమ్మను ఎంత బతిమాలినా వినలేదు.

"నేను పోకుంటే నలుగురు అడుగుతరు, చెల్లె రాలేదేందని. అన్న ఇజ్జత్ ఏంగాను?"

"ఆయనకు లేని పట్టింపు నీకెందుకే?"

"నువ్వు ఊకో" అని పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసింది.

ఆఖరి వరసలో కూర్చున్నాం. మంఖాల్ ఆడవాళ్లు ముందు రెండు వరసలు నిండిపోయారు. వేదిక మీద మామ, అత్త, దండలు, శాలువాలు. మైకు పట్టుకున్నాయన మామ జీవితం చదవడం మొదలుపెట్టాడు. నాలుగు మాటలు వినేసరికి నా చెవులు కాలిపోయాయి. అవి నా వాక్యాలు. లైబ్రరీ దుమ్ములో తుమ్ముకుంటూ నేను రాసినవే, అదే వరసలో, ఒక్క అక్షరం మారలేదు. హార్మోనియం నేర్చుకున్న తీరు దగ్గర జనం చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత, "ఈ మహాకళాకారుని విజయం వెనుక స్వరం, చెల్లెలి జవాబులల్లిన కవయిత్రి, శ్రీమతి కౌసల్యమ్మగారు" అన్నాడు.

అమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "గిది నువ్వు రాసిందేనా?"

"మొదలుదంతా నాదే."

"మంచిగ రాసినవ్ బిడ్డా."

నన్ను కొట్టినా బాగుండేది.

పాట పాడమన్నారు. అరుణ్ ఫోన్‌ను స్పీకర్‌కు తగిలించబోతుంటే మైకు ఆయన ఆపాడు. "రికార్డు ఎందుకు బాబూ, దంపతులిద్దరూ మన ముందే ఉండగా! నోటితోనే వినిపిస్తారు." జనం ఈలలు వేశారు. అరుణ్ ముఖంలో నెత్తురు లేదు. మామ హార్మోనియం మీద వేళ్లు పెట్టాడు. పెట్టగానే మనిషి మారిపోయాడు, ఎప్పటిలాగే.

"పుట్టింటి తొవ్వ మరిచినవా చెల్లె
పున్నాలు మూడాయె రావైతివేమే"

కౌసల్యత్త ముందు మైకు ఉంది. అత్త నోరు తెరిచింది. పదాలు నేర్చుకునే వచ్చి ఉంటుంది, పెదాలు కదిలాయి. కానీ ముందు వరసలో ఊరి ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలో పోచమ్మ అనే ముసలమ్మ పక్కనామెతో, హాలంతా వినిపించేంత గట్టిగానే అంది, "ఇగ మొగన్నే అన్నయ్యా అంటదా ఏందే?" ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పాపం, సిగ్గుతో చచ్చిపోతోంది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

మామ రెండోసారి అడిగాడు, అదే వరస, కాస్త పైకెత్తి. జవాబు లేదు. అప్పుడు చూశాడు మా వైపు. ఇన్ని వందల తలల మధ్య ఆకుపచ్చ చీర ఎక్కడుందో వెతుక్కోకుండానే చూశాడు. ముందే చూసి పెట్టుకున్నాడన్నమాట.

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "పాడమ్మా. ఇగ పాడు. అందరికి తెల్వాలె." అమ్మ ఊపిరి తీసుకుంది. మెడ నరం పొంగింది. చిన్నప్పటి నుంచి ఎరుగుదును, పాట అందుకునే ముందు ఆ నరం అలాగే పొంగుతుంది. హార్మోనియం ఆ ఒక్క స్వరం మీద ఆగి అమ్మ కోసం ఎదురుచూస్తోంది.

అమ్మ ఊపిరి వదిలేసింది.

"పోదాం పా" అంది.

కుర్చీల మధ్య నుంచి నడిచి బయటికొచ్చాం. వెనక మామ మూడోసారి అడుగుతున్నాడు, "పుట్టింటి తొవ్వ మరిచినవా చెల్లె" అని. మేం మెట్లు దిగుతుంటే నాలుగోసారి. గేటు దాకా వచ్చినా హార్మోనియం అదే వరస తిప్పుతూనే ఉంది.

బయట తొలకరి చినుకులు పడుతున్నాయి. ఆటో దొరికింది. నడిపే అతను మాకు ఎరుకే, ముఖీత్, మా వీధి చివర ఉంటాడు. పైనుంచి విమానం ఒకటి చక్రాలు దించుకుని అంత దగ్గరగా పోయింది, ఆటో అదిరింది. ఆ చప్పుడు పోయాక అమ్మ పాడడం మొదలుపెట్టింది. నాతో కాదు, ముఖీత్‌తో కాదు. రోడ్డు వైపు ముఖం పెట్టి, మెల్లగా, మొదటి జవాబు నుంచి.

"తొవ్వ మరువలేదు అన్నయ్య
తొవ్వకే గోడ కట్టిరి అన్నయ్య..."

మొదలైన పాటను నడుమ వదిలిపెట్టి లేవకూడదు కదా. హాల్లో అన్న అడిగాడు, జవాబు బాకీ ఉండిపోయింది. దాన్ని ఇంటికి మోసుకుపోకూడదని పాడుతోంది. అన్ని జవాబులూ పాడింది, ఒక్కటీ విడవకుండా. ఫోన్ నా చేతిలోనే ఉంది. రికార్డు చేద్దామని బొటనవేలు దాకా పోయింది. ఎవరికి చూపించను? ఇంటి ముందు ఆటో ఆగేసరికి ఆఖరి వరస అయింది. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు.

ముఖీత్ ఇంజన్ ఆపి వెనక్కి తిరిగాడు. "గానా మస్తున్నదమ్మా. ఎవరిది గీ పాట?"

అమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని జాగ్రత్తగా కిందికి దిగింది.

"మా అన్నది, కొడుకా" అంది. "పేపర్ల గూడ ఏసిన్రు."